బొమ్మ వచ్చె, మాట పోయె

అల్లుడు సాఫ్ట్‌వేర్ అయితే అత్తారింట్లో ప్లగ్గున్న ప్రతి వస్తువుకీ అతనే వైద్యుడు. గీజరూ మిక్సీ అయ్యాక, ఈ పండక్కి మానిటర్ వంతు వచ్చింది. లాప్‌టాప్‌లో అక్షరాలు ఆనడం లేదని మామయ్యగారు 24 అంగుళాలది తెప్పించారు.

"టైప్-సి వైరు పెట్టాను అల్లుడుగారూ, చక్కగా పట్టింది కూడానూ. అయినా నో సిగ్నల్ అంటోంది."

పట్టినంత మాత్రాన బొమ్మ రాదు. ఆ సాకెట్ కొన్ని లాప్‌టాప్‌లలో ఛార్జింగుకీ ఫైళ్లకీ తప్ప పనికిరాదు. డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అనే ఏర్పాటు ఉంటేనే బొమ్మ పంపుతుంది. పైగా ఆయన తగిలించింది ఫోను ఛార్జర్ వైరు. విద్యుత్ శాఖలో రిటైరైన మనిషాయె, ఒప్పుకుంటారా? "33 కేవీ లైన్లు చూశానండీ. వైరంటే వైరే!"

సెట్‌టాప్ బాక్సుది హెచ్‌డీఎమ్‌ఐ వైరు ఊడబీకి తగిలించాను. వంటింట్లోంచి అత్తయ్యగారి దగ్గు వినిపించింది. ఆవిడ సీరియల్ ఆ బాక్సులోనే వస్తుంది మరి.

ఇంకా నో సిగ్నలే. మానిటర్ వేరే పోర్టు వైపు చూస్తూ కూర్చుంది, సోర్స్ మార్చాలి. ఆ బొత్తాలేమో కింది అంచుకి అడుగున, కంటికి కనపడకుండా ఉంటాయి. వేళ్లతో తడుముతూ సోర్స్ అనుకుని నొక్కితే వెలుతురు తగ్గింది, ఇంకోటి నొక్కితే మెనూ ఏదో తెలియని భాషలోకి వెళ్లింది. తడిమి తడిమి హెచ్‌డీఎమ్‌ఐ పట్టుకుంటే నీలం రంగు తెర, అంతే.

"గృహప్రవేశమైంది, సామాన్లు రాలేదేం?" అన్నారు మామయ్యగారు.

అది ఎక్స్‌టెండ్ మోడ్, అంటే మానిటర్ లాప్‌టాప్ తెరకి పొడిగింపు, మనం ఏదైనా అటు జరిపేదాకా ఖాళీయే. విండోస్ కీ, పి కలిపి నొక్కి డూప్లికేట్ పెట్టి రెండింట్లోనూ ఒకే బొమ్మ చూపిద్దామంటే ఆయన వద్దన్నారు, రెండు తెరలూ వేర్వేరుగా కావాలట. సరే, మౌస్‌ని కుడికి తోస్తే ఎడమ తెరలో తేలుతోంది. సెట్టింగుల్లో మానిటర్ కుడివైపున ఉంది, ఈయనేమో వాస్తు ప్రకారం ఎడమవైపున, తూర్పున పెట్టించారు. సెట్టింగుల్లో ఆ రెండో నంబరు పెట్టెని ఎడమకి లాగితే వాస్తు దోషం పోయింది.

ఇంతలో అత్తయ్యగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. సీరియల్ ఇందులోనే పెట్టాను. బొమ్మ దివ్యంగా ఉంది, మాట లేదు. హెచ్‌డీఎమ్‌ఐ తగిలించగానే సౌండూ మానిటర్‌కి వెళ్లిపోయింది, దానికి స్పీకర్లు లేవు.

"ఒక్క నిమిషం అత్తయ్యగారూ, సౌండ్ లాప్‌టాప్‌కి మారుస్తాను."

"పర్లేదు నాయనా, ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. నువ్వు అడ్డు లే."