మోకాలి లోతు నీళ్లే చేపకు కోట

గత నవంబరులో అమెరికాలో ఇడాహో రాష్ట్రంలోని లూయిస్టన్ రేవు నుంచి నలుగురు తెలుగువాళ్లం క్లియర్‌వాటర్ నదిలోకి స్టీల్‌హెడ్ వేటకు వెళ్లాం. స్టీల్‌హెడ్ అంటే సముద్రానికి వెళ్లి, గుడ్లు పెట్టడానికి మళ్లీ నదికి తిరిగొచ్చే ట్రౌట్ చేప. తెల్లవారుతోంది. అల్యూమినియం పడవ అంచు పట్టుకుంటే తడి చేతితొడుగు దానికి అతుక్కుపోయేంత చలి. ఏటికి ఎదురు దూసుకుపోతుంటే అడుగున గులకరాళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. జానెడు నీళ్లున్నా చాలు, జెట్ బోటుకు అడ్డు లేదు.

మధ్యాహ్నం టీ తాగుదామని ఒక గులకమేట దగ్గర దిగాం. ఒడ్డుకు దగ్గరగా, పాచి పట్టి నల్లబడిన రాళ్ల మధ్య, మంచమంత మేర రాళ్లు కడిగినట్టు తెల్లగా ఉన్నాయి. చినూక్ సాల్మన్ గుడ్లు పెట్టిన చోటని గైడు చెప్పాడు. ఆడచేప తోకతో గుంట తవ్వి, గుడ్లు పెట్టి, మళ్లీ గులకతో కప్పేస్తుంది. వసంతం దాకా అవి ఆ రాళ్ల కిందే ఉంటాయి. పొద్దున మేం సరిగ్గా దాని మీదుగానే వెళ్లాం. గైడు చట్టం ఏమీ తప్పలేదు. అయినా ఆ తెల్లని రాళ్లు నా కళ్లముందు నుంచి పోవడం లేదు.

న్యూజీలాండ్‌లో బిల్ హామిల్టన్ అనే పశువుల క్షేత్రం యజమాని 1950లలో ఈ జెట్ పడవకు రూపం ఇచ్చాడు. అక్కడి నదులు పాయలు పాయలుగా, లోతు లేకుండా పారతాయి. మామూలు మోటారు రెక్క రాళ్లకు తగిలి విరిగిపోతుంది. అందుకని పడవ అడుగున నీటిని లోపలికి పీల్చి, వెనక నుంచి బలంగా చిమ్మేలా చేశాడు. ఆయన పడవలే 1960లో గ్రాండ్ కాన్యన్ గుండా కొలరాడో నదిని ఎదురెక్కాయి. గొప్ప పనితనం, సందేహం లేదు. కానీ మోకాలి లోతు నీళ్లు అప్పటిదాకా చేపకు కోటలా ఉండేవి. ఆ కోటకు తలుపు తీసింది కూడా ఈ పడవే.

ఈ మాట అంటే మిత్రులు వెంటనే, "నెమ్మదిగా పోతే సరిపోతుంది కదా" అంటారు. సరిపోదు. జెట్ బోటు వేగంగా పోతున్నప్పుడే నీటి మీదికి తేలి జానెడు లోతులో జారిపోతుంది. వేగం తగ్గించారా, మూరెడు లోతుకు దిగి రాళ్లకు ఒరుసుకుంటుంది, ఇంజను గులక పీల్చుకుంటుంది. నీళ్లు చిమ్మకపోతే పడవను పక్కకు తిప్పడం కూడా కుదరదు. కాబట్టి లోతు లేనిచోట వేగంగానైనా పోవాలి, లేదా పోకుండానైనా ఉండాలి. మూడో దారి లేదు. గుడ్లున్న గులక మీద పడవలు పదేపదే తిరిగితే గుడ్లు చనిపోతాయని న్యూజీలాండ్‌లోనూ అలాస్కాలోనూ పరిశోధకులు చెప్పారు. అందుకే నేను వేగం గురించి కాదు, చోటు గురించి అడుగుతున్నాను.

స్టీల్‌హెడ్ పడే పాట్లు తెలిస్తే మీరూ అడుగుతారు. సముద్రం నుంచి లూయిస్టన్ దాకా 465 మైళ్లు, దారిలో 8 ఆనకట్టలు. చివరిదైన లోయర్ గ్రానైట్ 1975లో పూర్తయింది. లూయిస్టన్ దగ్గర క్లియర్‌వాటర్ కలిసే స్నేక్ నదీ ప్రాంతపు అడవి స్టీల్‌హెడ్‌ను, అంటే నదిలోనే సహజంగా పుట్టిన చేపను, 1997లో ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించారు. గోదావరి జిల్లాల వాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. పులసదీ ఇదే కథ, వరదనీటికి ఎదురీది వస్తే ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట అడ్డం. పుస్తెలమ్మి అయినా పులస తినాలని చెప్పుకున్న మనం, అది ఈదివచ్చే దారి గురించి అంత మక్కువగా ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఆరెగాన్‌లోని డెషూట్స్ నది దిగువ భాగంలో ఒక మంచి పద్ధతి ఉంది. పడవలో వెళ్లవచ్చు, పడవలోంచి గాలం వేయకూడదు. దిగి, నీళ్లలో నిలబడి వేయాలి. వాషింగ్టన్ రాష్ట్రం కూడా 2020 డిసెంబరులో ఒలింపిక్ ద్వీపకల్పంలోని చాలా నదుల్లో పడవ మీద నుంచి వేటను ఆపింది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్ల సంగతి ఏమిటని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. వారికోసం స్నేక్ నదిలో లోతైన మడుగులు ఉన్నాయి, అక్కడ పడవ తిరిగితే గుడ్లకు వచ్చే ముప్పు లేదు. చిన్న నదులనూ, గులకమేటల అంచులనూ మాత్రం గుడ్లు పెట్టే కాలంలో వదిలేయాలి. చట్టం వచ్చేదాకా ఆగకుండా మన తెలుగు సంఘం ఏర్పాటు చేసే యాత్రల్లోనే ఈ నియమం పెట్టుకుందాం. పడవ మాట్లాడుకునేటప్పుడే గైడుకు ఈ మాట చెబుదాం.

ఆ సాయంత్రం మా బాబాయి గాలానికి ఒక స్టీల్‌హెడ్ పడింది. తోకకు ముందు వీపు మీద ఉండే చిన్న రెక్క చెక్కుచెదరకుండా ఉంది. హేచరీలో, అంటే పెంపక కేంద్రంలో, పొదిగించిన చేపలకు దాన్ని కత్తిరించి వదులుతారు కాబట్టి ఇది అడవి చేపే, వదిలిపెట్టాలి. ఫొటో కోసం పైకెత్తబోయిన బాబాయి చెయ్యి ఆగింది. నీళ్లలోనే ముల్లు తీసి, తల ఏటివాలుకు ఎదురుగా పెట్టి పట్టుకున్నాడు. మొప్పలు రెండు మూడుసార్లు తెరుచుకున్నాయి. తోక ఒక్కసారి ఆయన మణికట్టును కొట్టింది.