"కొత్తది కొనుక్కోండి" అనే మాట మీద నా కోపం

మొన్న మళ్లీ ఆ మాట విన్నాను. "దీని మీద పెట్టడం దండగండీ, కొత్తది తీసుకోండి."

నేను తీసుకెళ్లింది టేబుల్ ఫ్యాను. స్విచ్ వేస్తే మూలుగుతుంది, వేలితో తోస్తేగానీ తిరగదు. సర్వీస్ సెంటర్‌లో అతను స్క్రూ ఒక్కటి కూడా విప్పకుండానే మోటారు పోయిందన్నాడు. ఇంటికి తెచ్చి కెపాసిటర్ మార్చాను. ఇది రాస్తుంటే నా పక్కన తిరుగుతున్నది ఆ ఫ్యానే.

ఫ్యాను మోటారు కదలడానికి మొదటి తోపు ఇచ్చేది ఆ కెపాసిటరే. ఏళ్లు గడిచేకొద్దీ దాని సత్తా తగ్గిపోతుంది. మోటారు నిక్షేపంలా ఉన్నా తోసేది లేక ఆగిపోతుంది. చేత్తో తోస్తే తిరుగుతోందంటే చాలావరకు కారణం అదే. కాకపోతే మోటారు ఇరుసు తిరిగే బుష్‌లో నూనె ఎండిపోయి ఉంటుంది. రెండూ చిన్న పనులే. అంత మాత్రానికి ఇనుము, రాగి, ప్లాస్టిక్ అన్నీ కలిపి చెత్తలో పడేయమంటే నాకు నిజంగా కడుపు మండుతుంది.

2022 ఒక్క ఏడాదిలో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్, ఎలక్ట్రికల్ సామాను 6 కోట్ల 20 లక్షల టన్నులని ఐక్యరాజ్యసమితి నివేదిక చెప్పింది. అందులో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకు దొరికింది నాలుగో వంతు కూడా లేదు, 22.3 శాతం. పారేసినవాటిలో చిన్న లోపంతో ఆగిపోయినవి ఎన్ని ఉంటాయో అని తలుచుకుంటేనే బాధేస్తుంది. దండగ అన్న మాట వాడాల్సింది దీనికి.

"ఈ కాలం వస్తువులింతే, మన్నవు" అని సర్దుకుపోయేవాళ్లతో కూడా నాకు పేచీయే. మన్నకపోవడం వాటి తలరాత కాదు, కొందరు కూర్చుని తీసుకున్న నిర్ణయం. 1924లో పెద్ద బల్బుల కంపెనీలు జెనీవాలో ఫీబస్ పేరుతో కూటమి కట్టాయి. అప్పటికి 1,500 నుంచి 2,000 గంటలు వెలుగుతున్న బల్బుల ఆయుష్షును 1,000 గంటలకు కుదించాయి. ఎవరి బల్బయినా అంతకన్నా ఎక్కువ కాలం వెలిగితే ఆ కంపెనీకి జరిమానా! ఇప్పుడు అలా సంతకాలు పెట్టాల్సిన పని కూడా లేదు. బ్యాటరీని జిగురుతో అంటించేస్తే చాలు. మామూలు స్క్రూడ్రైవరుకి లొంగని స్క్రూలు బిగించి, విడిభాగాలు బయట అమ్మకపోతే చాలు. ఇక రిపేరు ఎవరు చేస్తారు?

చట్టం తలుచుకుంటే ఇది మారుతుంది. ఫ్రాన్స్‌లో 2021 జనవరిలో ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీలు, వాషింగ్ మెషీన్ల లాంటి వాటి మీద 'రిపేరుకు ఎంత వీలు' అని పదికి మార్కులు వేసి చూపించాలని రూలు తెచ్చారు. విప్పడం ఎంత సులువు, విడిభాగాలు దొరుకుతాయా, వాటి ధరెంత అన్నవన్నీ ఆ మార్కుల్లోకి వచ్చాయి. ఇలాంటి రూలు ప్రతి దేశంలోనూ ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. కొనేముందే తెలిస్తే మనం ఎంచుకునే వస్తువే వేరుగా ఉంటుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. మైక్రోవేవ్ ఓవెన్ జోలికి మీరుగా వెళ్లొద్దు. ప్లగ్గు పీకేసినా లోపలి కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండొచ్చు. అది తెలిసినవాళ్ల పని.

ఇక బట్టలు. ఇక్కడ కంపెనీల కంటే మన మీదే నాకు ఎక్కువ కోపం. చొక్కా విప్పడానికి ప్రత్యేక స్క్రూలేం అక్కర్లేదు కదా? గుండీ ఊడిందని, జిప్పు విచ్చుకుపోతోందని పక్కన పడేస్తున్నాం. జిప్పు వేసిన వెంటనే విచ్చుకుంటుంటే చాలాసార్లు పళ్లు బాగానే ఉంటాయి, అరిగింది స్లైడరు. దాని రెండు పక్కలా కటింగ్ ప్లేయరుతో కొంచెం కొంచెంగా నొక్కితే మళ్లీ పట్టుకుంటుంది. ఒక్కసారే గట్టిగా నొక్కితే విరిగిపోతుంది.

మా అమ్మ మాసిక వేస్తే ఎక్కడ వేసిందో వెతుక్కోవాల్సి వచ్చేది. ఆ పని నేను నలభై దాటాక ఆవిడ దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. చిరుగు అంచునే సూది గుచ్చితే నాలుగు రోజుల్లో ఊడిపోతుంది. చిరుగు చుట్టూ గుడ్డ అప్పటికే పల్చబడి ఉంటుంది కాబట్టి ఆ పలచన దాటి, గట్టి గుడ్డలో మొదలుపెట్టాలి. ముందు పడుగులాగా దారాలు నిలువుగా వరసగా పరిచి, తర్వాత పేకలాగా అడ్డంగా ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి అల్లుకుంటూ పోవాలి. దారం బిగించి లాగకూడదు, గుడ్డ ముడతలు పడుతుంది. అతుకు వేసే గుడ్డ కొత్త నూలుదైతే ముందే ఒకసారి ఉతికి తీరాలి. లేకపోతే తర్వాత అది కుంచించుకుపోయి పాత గుడ్డను ఇంకా చింపుతుంది.

"టైమెక్కడిది?" అంటారు. నిజమే. కానీ ఇంతకాలం ఆ టైమంతా ఎవరిది? ఇంట్లో ఆడవాళ్లదే. ఫ్యాను విప్పిన మగవాడికి మెచ్చుకోలు, అర్ధరాత్రి దాకా చిరుగులు కుట్టిన ఆవిడకి ఒక్క మాటైనా ఉండదు. మళ్లీ బాగుచేసుకోవడం మొదలుపెడదాం అంటూ ఆ బరువు తిరిగి వాళ్ల మీదే వేస్తామంటే నేను ఒప్పుకోను. సూది అబ్బాయిలూ పట్టుకోవాలి, స్క్రూడ్రైవరు అమ్మాయిలూ పట్టుకోవాలి.

అతుకు కనిపిస్తే లేనివాళ్లమనుకుంటారన్న భయం కూడా ఉంది. ఆ భయం నాకూ ఉండేది. మోచేతి దగ్గర మాసిక వేసిన చొక్కాతో మొదటిసారి ఆఫీసుకి వెళ్లిన రోజు పొద్దున్నంతా చెయ్యి మడిచే ఉంచాను. మధ్యాహ్నం ఒక కొలీగ్ చూసి, "ఎవరు కుట్టారండీ? మా అబ్బాయి స్వెటర్‌కి ఇలాంటిదే చిరుగుంది" అంది. నేనే కుట్టానని చెప్పాను. మర్నాడు స్వెటర్ పట్టుకొచ్చింది. లంచ్ టైములో ఇద్దరం కూర్చుని సగం పూర్తి చేశాం. మిగతా సగం ఆ అబ్బాయే కుట్టుకున్నాడట.