స్విమ్మింగ్ పూల్‌కు నీలం గీత చాలదు, పైపుల నక్షా కావాలి

హన్మకొండ శివార్లలో మా బావ ఇల్లు కడుతున్నాడు. పెరట్లో చిన్న స్విమ్మింగ్ పూల్ కూడా. పోయిన నెల చూడ్డానికి వెళ్లేసరికి గుంత తవ్వి, ఇనుప చువ్వలు కట్టేశారు. తెల్లారితే కాంక్రీటు. అడుగున నట్టనడుమ ఒకే ఒక్క పీవీసీ పైపు పైకి లేచి ఉంది. మన్ను పడకుండా దాని నోట్లో సిమెంటు సంచి ముక్క కుక్కారు. రెండోది ఏదని అడిగితే మేస్త్రీ నా మొహం చూశాడు. "నీళ్లు పోవుటానికి ఒక్కటి సాలదా సార్?" అన్నాడు. బావ లోపలికెళ్లి మంజూరైన ప్లాన్ తెచ్చి పరిచాడు. ఇంటి చుట్టూ వదలాల్సిన జాగా కొలతలన్నీ ఉన్నాయి. పూల్ దగ్గర మాత్రం నీలం రంగు గీతతో ఒక డబ్బా. పైపు లేదు, పంపు లేదు, నీళ్లు ఎటు పోతాయో లేదు.

తెలంగాణలో ఆన్‌లైన్‌లో ప్లాన్ మంజూరు చేసే బీపాస్ 2020లో వచ్చాక ఇంటి అనుమతులు సులువయ్యాయి. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు సొంత ధ్రువీకరణతోనే అనుమతి వస్తుంది. మంచిదే. కానీ పూల్‌లో ప్రాణం తీసేది సెట్‌బ్యాక్ (చుట్టూ వదిలే జాగా) కాదు, పైపు. పైపుల నక్షా, పంపు లెక్క చూడకుండా పూల్‌కు అనుమతి ఇవ్వకూడదని నేనంటాను.

ఆ ఒక్క పైపు సంగతే చూద్దాం. ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, సగటున మీటరున్నర లోతు ఉంటే పూల్‌లో 48 వేల లీటర్లు పడతాయి. ఆ నీళ్లన్నీ ఆరు గంటలకోసారి ఫిల్టర్‌లో తిరగాలంటే పంపు గంటకు 8 వేల లీటర్లు లాగాలి. అడుగున ఒకటే డ్రెయిన్ ఉండి, దాని మీద ఒక పిల్లాడు కూర్చుంటే పంపు బలమంతా ఆ ఒంటి మీదే పడుతుంది. మూత వెడల్పు 15 సెంటీమీటర్లే అనుకోండి. చదరపు సెంటీమీటరుకు అరకిలో చొప్పున లాగినా దగ్గరదగ్గర 90 కిలోలు. పిల్లాడు విడిపించుకోలేడు, పైనుంచి దూకిన తండ్రి లాగినా ఊడిరాడు. జడ చిక్కుకున్నా అంతే. 2002లో అమెరికా మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ మనవరాలు, ఏడేళ్ల పాప, వేడినీళ్ల తొట్టిలో ఇలాగే డ్రెయిన్‌కు అతుక్కుపోయి చనిపోయింది. పాప తల్లి పోరాడితే 2007లో చట్టం వచ్చింది. దీనికి విరుగుడు పెద్ద ఖర్చేం కాదు. మూడడుగుల ఎడంగా రెండు డ్రెయిన్లు పెట్టి ఒకే పైపులో కలపాలి. ఒకటి మూసుకుపోతే నీళ్లు రెండోదాంట్లోంచి వస్తాయి. పైన ఉబ్బెత్తు జాలీ మూతలు బిగించాలి. కాంక్రీటు పడ్డాక ఈ పని చేయాలంటే పూల్ పగలగొట్టాల్సిందే.

ఇది పూల్ ఉన్నోళ్ల బాధ, మాకేంటి అనుకునేవాళ్లు నల్లా సంగతి వినండి. మన దగ్గర నల్లా నీళ్లు రోజంతా రావు. సరఫరా ఆగగానే లైనులో ప్రెషర్ పడిపోతుంది. పక్కింటివాళ్లు నల్లాకు మోటారు బిగిస్తే ఇంకా పడిపోతుంది. పూల్ నింపే పైపు మూతి నీళ్లలో మునిగి ఉంటే పూల్ నీళ్లు వెనక్కి, వీధి లైనులోకి పోతాయి. పిల్లలు ఈదిన నీళ్లు నాలుగిళ్ల అవతల బిందెలో పడతాయి. పైపు మూతి నీటి మట్టానికి బెత్తెడు పైన ఉంటే ఈ ముప్పే లేదు. నక్షాలో ఒక్క గీత, అంతే.

కరెంటు గురించి వేరే చెప్పాలా? పంపుకు ఎర్తింగ్, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి తప్పనిసరి.

ఉన్న అనుమతులకే కాళ్లరుగుతున్నాయి, ఇంకో కాగితం పెడితే ఇంకో చేతికి లంచం అంటారు కొందరు. ఆ భయం న్యాయమైనదే. కానీ నేనడిగేది ఒక్క నక్షా, కాంక్రీటుకు ముందు ఒక్క తనిఖీ. పైపుల్లో నీళ్లు నింపి, ప్రెషర్ పెట్టి, నిలబడుతుందో లేదో చూస్తే చాలు. ఫోటోలు ఆన్‌లైన్‌లో ఎక్కిస్తే చేతులు తడిపే అవసరం ఉండదు.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది మాత్రం నక్షాలో లేని చివరి పైపు. ఫిల్టర్ కడిగిన ప్రతిసారీ మూడు నిమిషాల్లో 400 లీటర్ల మురికి నీళ్లు బయటికొస్తాయి. ఎటు పోతాయి? బావ ప్లంబర్ రోడ్డు పక్క మోరీ చూపించాడు. ఆ మోరీ నాలాలోకి, నాలా చెరువులోకి. ఈ నేల మీద నీళ్లు ఎటు పోవాలో తేల్చుకోకుండా ఎవరూ గడ్డపార పట్టేవారు కాదు. 13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుడి కాలంలో పాకాల చెరువు కట్టినా, ఊరూరా గొలుసుకట్టు చెరువులు తవ్వినా కట్టతో పాటే తూము, నిండిన నీళ్లు పొర్లిపోయే మత్తడి ఉండేవి. ఒక చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరేవి. తూము తీసి మూయడానికి నీరటికాడు ఉండేవాడు. ఇప్పుడు నీళ్లు తెచ్చుకోవడానికి బోరు, ట్యాంకరు, మోటారు అన్నీ ఉన్నాయి. పంపే దారి మాత్రం ఎవరికీ పట్టదు. చెరువుల మధ్య కాలువల్ని ప్లాట్లు చేసి అమ్ముకున్నాం. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో హన్మకొండ కాలనీల్లో ఇళ్లు మునిగితే వానను తిట్టుకున్నాం. పెరట్లో పూల్ దగ్గర చేసే తప్పే ఊరంతా చేశాం. ఆన్‌లైన్‌లో అనుమతికి పెట్టే ప్రతి ప్లాన్‌కూ, పూల్ ఉన్నా లేకున్నా, నీళ్లు బయటికి పోయే దారి గీసి చూపించమని అడగాలి. ఆ దారి ఏ నాలాలో కలుస్తుందో పేరుతో సహా రాయించాలి.

బావ మర్నాటి కాంక్రీటు వాయిదా వేశాడు. ప్లంబర్ అడుగు చువ్వలు కొన్ని విప్పి, మూడడుగుల అవతల రెండో డ్రెయిన్ పెట్టాడు. దానికి నాలుగు గంటలు పట్టింది. ఫిల్టర్ నీళ్లకు మాత్రం ఇంకా దారి దొరకలేదు. ఆ వీధిలో మోరీ తప్ప వేరే కాలువ లేదు.