నా నంబర్‌కి నేనే ఫోన్ చేశాను

ఇప్పుడే బ్యాంకు నుంచి వచ్చాను. గేటు తీసుకుని వచ్చి అరుగు మీదే కూర్చుని ఇది రాస్తున్నాను. లోపలికి పోతే మా ఆయన "పని అయిందా" అని అడుగుతారు. ఆయనకు బీపీ. ఆయన ముందు గొంతు పెంచలేను. అందుకే మీ ముందు పెంచుతున్నాను, ఏమీ అనుకోకండి.

అమెరికా నుంచి హనుమకొండకు వచ్చి 20 రోజులైంది. కేవైసీ గడువు దాటిందని నా ఖాతా ఆపేశారు. పెన్షన్ వచ్చి పడుతుంది, నేను మాత్రం ఒక్క రూపాయి తీసుకోలేను. పాస్‌పోర్టు, పాన్ కార్డు, ఆధార్, పెన్షన్ పుస్తకం అన్నీ గుడ్డసంచిలో పెట్టుకుని పది గంటలకే పోయి కూర్చున్నాను. కౌంటర్‌లో అమ్మాయి మంచిదే. కార్డులన్నీ తిరగేసింది. ఫోటో చూసింది, నా మొహం చూసింది. "ఆధార్ ఓటీపీ పోయిందమ్మా, చెప్పండి" అంది.

ఆ నంబర్ ఇప్పుడు నా దగ్గర లేదు బిడ్డా అన్నాను.

అయితే వేలిముద్ర పెట్టమంది. అగ్గిపెట్టెంత మిషన్. కుడి బొటనవేలు పెట్టాను, ఎర్ర లైటు. కొంగుతో తుడుచుకుని పెట్టాను, ఎర్ర లైటు. చూపుడువేలు పెట్టాను. ఆ అమ్మాయి తన సీసాలో నీళ్ళు రెండు చుక్కలు నా వేలి మీద వేసి "గట్టిగా ఒత్తండమ్మా" అంది. ఒత్తాను. పడలేదు. ఈ వేళ్ళతో 33 ఏళ్ళు సుద్దముక్క పట్టాను. గీతలు అరిగిపోయాయి. నా వెనక లైనులో నిలబడ్డాయన "ఎంతసేపమ్మా" అన్నాడు. చివరికి తేలిందేమిటంటే, నేను ఆధార్ సెంటర్‌కు పోయి నంబర్ మార్చుకుని, అది ఎక్కేదాకా ఆగి, మళ్ళీ రావాలి. ఆ సెంటర్‌లోనూ మొదట అడిగేది ఇవే వేళ్ళు.

బయటికి వచ్చి మెట్ల మీద నిలబడి, కడుపు రగిలిపోతుంటే, నా పాత నంబర్‌కి నేనే ఫోన్ చేశాను. ఎందుకు చేశానో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను. ఎవరో ఒక పిల్లవాడు ఎత్తాడు. పరకాల అట, డిగ్రీ చదువుతున్నాడట. "బాబూ, ఇది నా నంబర్" అన్నాను. "మీరు టీచరమ్మనా?" అన్నాడు వెంటనే. "మీకోసం మస్తు ఫోన్లు వస్తయమ్మా. ఓటీపీ గూడ ఇప్పుడే వచ్చింది. చదవాల్నా?"

నోట మాట రాలేదు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకు గోడ నిండా బోర్డులే. నా ఓటీపీ మాత్రం పోయి పరకాల పిల్లవాడి జేబులో పడింది. వాడు బుద్ధిమంతుడు కాబట్టి సరిపోయింది. వేరేవాడైతే?

నంబర్ ఎందుకు పోగొట్టుకున్నావు, రీఛార్జి చేయించుకోవాలి కదా అని మీలో కొందరు అంటారు. మా బంధువులు ఇప్పటికే అన్నారు. 2005 నుంచి నాది అదే నంబర్. రెండు పెళ్ళి పత్రికల మీద అచ్చయింది, నా దగ్గర చదువుకున్న పిల్లలందరి దగ్గరా ఉంది. ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు వాడకపోతే, అందులో 20 రూపాయల బ్యాలెన్స్ కూడా లేకపోతే, తీసేయొచ్చని ఫోన్ కంపెనీలకు నిబంధనలు పెట్టే ట్రాయ్ రాసిపెట్టింది. ఆ సంగతి నాకు నంబర్ పోయాకే తెలిసింది. రీఛార్జి ఎప్పుడూ మా అక్క కొడుకు చేసేవాడు. వాడికి ఉద్యోగం మారి పుణె పోయాడు, ఆ గొడవలో మరచిపోయాడు. ఫోన్‌లో సిగ్నల్ పోయిందని నేను చూసుకుని అక్కడి నుంచి చేద్దామంటే, ఇక్కడి కార్డుతో కట్టాలి. కార్డుతో కడితే ఓటీపీ వస్తుంది. ఆ ఓటీపీ వచ్చేది రీఛార్జి లేని ఆ నంబర్‌కే. రెండు రాత్రులు కూర్చున్నాం నేనూ నా కోడలూ. ఇక్కడ బ్యాంకు పదింటికి తెరిస్తే మావాళ్ళుండే టెక్సాస్‌లో ఎండాకాలం రాత్రి పదకొండున్నర. కస్టమర్ కేర్ వాళ్ళ పాట వింటూ ఆ పిల్ల కుర్చీలోనే నిద్రపోయింది. పొద్దున్నే దానికి ఆఫీసు.

మన ఆధార్ ఓటీపీ విదేశీ నంబర్‌కు రాదు. ఎన్నేళ్ళు బయట ఉన్నా ఇండియా నంబరే ఉండాలి. సరే, చేయడం కుదరదేమో అనుకుందాం. మరి 2023 జనవరిలో యూపీఐకి ఎలా కుదిరింది? ఎన్ఆర్ఐ ఖాతాలున్న వాళ్ళు పది దేశాల నంబర్లతో యూపీఐ వాడుకోవచ్చని దాన్ని నడిపే ఎన్‌పీసీఐ సంస్థ అప్పుడే చెప్పింది. అమెరికా ఉంది, సింగపూర్ ఉంది, సౌదీ, యూఏఈ, ఖతార్, ఒమన్ ఉన్నాయి. కూరగాయల బండి దగ్గర డబ్బులు కట్టడానికి పనికొచ్చిన నంబర్, నేను నేనే అని చెప్పుకోవడానికి ఎందుకు పనికిరాదు? పింఛనుదారులు బతికే ఉన్నామని ఆన్‌లైన్‌లో చూపించుకోవడానికి 2014 నవంబర్‌లో జీవన్ ప్రమాణ్ తెచ్చారు, 2021లో అందులో ముఖం చూపిస్తే చాలనే ఏర్పాటూ వచ్చింది. ఫోన్‌లో ముఖం చూసి మనిషి బతికే ఉందని ఒప్పుకుంటున్నప్పుడు, కౌంటర్ ముందు నిలబడ్డ నా ముఖం ఇవాళ ఎందుకు చాలలేదు? నాకు జవాబు కావాలి.

"మీకేంది మేడం, కొడుకు అమెరికాల, ఇక్కడ పెన్షన్" అని పబ్లిక్ గార్డెన్‌లో వాకింగ్‌కి పోయినప్పుడల్లా ఎవరో ఒకరు అంటారు. దూరపు కొండలు నునుపు. దగ్గరికి వచ్చి చూడండి. మావాడి ఇల్లున్న ఊళ్ళో సిటీ బస్సు లేదు. నాకు కారు రాదు. కరివేపాకు అయిపోతే శనివారం దాకా ఆగాలి. ఇక్కడ అదాలత్ సెంటర్ దాకా ఒక్కదాన్నే నడిచిపోయి మందులు తెచ్చుకునేదాన్ని. అక్కడ కొడుకు మీటింగులు చూసుకుని, కోడలి టైమ్ చూసుకుని, వాళ్ళ మొహం చూసుకుని అడగాలి. పిల్లలు మంచివాళ్ళే, ఒక్క మాట అనరు. అయినా అడగడం అడగడమే.

ఒళ్ళు బాగలేకపోతే ఏమిటి పరిస్థితి? గ్రీన్ కార్డు వచ్చినా, అక్కడ ఉద్యోగం చేయని మాలాంటి 65 దాటిన వాళ్ళు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ కొనుక్కోవాలంటే ముందు ఐదేళ్ళు వరుసగా అక్కడ ఉండాలి. మాకు ఇంకా నిండలేదు. నిండాక ఊరికే ఇస్తారా? 2025 లెక్క ప్రకారం ఆసుపత్రి ఖర్చుల పార్ట్ ఏకి మనిషికి నెలకు 518 డాలర్లు, డాక్టర్ ఖర్చుల పార్ట్ బికి 185. ఇద్దరికీ కలిపి 1,406 డాలర్లు. నా నెల పెన్షన్ మొత్తం పెట్టినా అది తీరదు. అందుకే ఎప్పుడు వచ్చినా షుగర్ మందులు, బీపీ మందులు లెక్కపెట్టి, డాక్టర్ చీటీతో సహా మూటగట్టుకుని పోతాం. మా ఆయన ప్యాకెట్ల మీద స్కెచ్ పెన్నుతో నెలల పేర్లు రాస్తారు. అటు ఆరు నెలలు మించి అమెరికా బయట ఉంటే పౌరసత్వం లెక్క దెబ్బతింటుంది, ఏడాది దాటితే కార్డుకే ఎసరు. సొంత ఇంటికి వచ్చి కూడా క్యాలెండర్ ముందు రోజులు లెక్కపెట్టుకోవాలి. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు మనవడి ఎత్తు బంగారం, అంటే బెల్లం, మొక్కు ఉండె. ఆ లెక్కలు కుదరక పోలేదు. ఆ బెల్లం సమ్మక్క సారలమ్మ తల్లులకు బాకీ పడ్డాను, అది ఇంకా నా మనసులోనే ఉంది.

ఇక డబ్బు సంగతి. బయట స్థిరపడ్డాక మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓ, అంటే బయట ఉండేవాళ్ళ ఖాతా, చేయాలి, చేశాం. మరుసటి రోజు నుంచి డిపాజిట్ వడ్డీ మీద 30 శాతం, పైన సెస్సు. ఇక్కడే ఉండే 60 దాటిన వాళ్ళకు పన్ను పడేంత ఆదాయం లేకపోతే ఒక ఫారం ఇస్తే పట్టుకోరు. మాకు ఆ ఫారమే లేదు. అదే మనిషి, అదే వయసు, అదే డిపాజిట్. రిటర్ను వేస్తే తిరిగొస్తుందన్నారు. వేశాం. దాన్ని వెరిఫై చేయడానికి ఆడిటర్ అడిగింది మళ్ళీ ఆధార్ ఓటీపీయే.

నాకే ఇలా ఉంటే గల్ఫ్ పోయినోళ్ళ గతి ఏమిటి? నేను జగిత్యాల వైపు పనిచేసినప్పుడు క్లాసులో సగం మంది పిల్లల తండ్రులు దుబాయిలోనో సౌదీలోనో ఉండేవాళ్ళు. ఇరవై ఏళ్ళు, పాతికేళ్ళు కష్టపడి, చివరి రోజున వచ్చే గ్రాట్యుటీ తప్ప పెన్షన్ అనే మాట లేకుండా తిరిగొచ్చారు. వాళ్ళ సిమ్‌లూ ఇలాగే పోయాయి, ఖాతాలూ ఇలాగే ఆగాయి. ఇంగ్లీషులో ఒక అర్జీ రాసుకోవడం నాకు వచ్చు. వాళ్ళలో చాలామందికి అదీ రాదు. వాళ్ళ తరఫున ఎవరు అరుస్తారు?

ఇంతవరకు బ్యాంకు కోపం. ఇక్కడి నుంచి చెప్పేది వేరే.

ఆ పిల్లవాడు ఫోన్ పెట్టేసే ముందు ఒక మాటన్నాడు. "అమ్మా, పోయిన కార్తీకంల హుజూరాబాద్ నుంచి ఒక పెద్దమనిషి చేసిండు. టీచరమ్మకు చెప్పు, మా ఇంటామె చనిపోయింది, ఎల్లుండి దినం అన్నడు. రాంగ్ నంబర్ అన్న. మళ్ళ చేసిండు. మూడుసార్లు చేసిండమ్మా. నేనేం చేయాల్నో తెల్వలే."

ఆ పోయిన మనిషి నాతో ఒకే స్టాఫ్ రూంలో 11 ఏళ్ళు కూర్చుంది. నా టిఫిన్ డబ్బాలో ఆవకాయ తన కోసమే పెట్టుకుని పోయేదాన్ని. మా పెద్దవాడికి కామెర్లు వచ్చినప్పుడు నా పేపర్ కట్టలు కూడా తనే దిద్దింది. ఆమె పోయిన సంగతి నాకు రెండు నెలల తర్వాత, ఇంకో టీచర్ వాట్సాప్‌లో యథాలాపంగా రాస్తే తెలిసింది. వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను. ఆ తర్వాత కోపం వచ్చింది. ఇన్నేళ్ళ స్నేహం, ఆమె భర్త, అన్నయ్యగారు, నాకు ఒక్క మాట చెప్పించలేకపోయారా, అమెరికా పోయిందని పరాయిదాన్ని చేశారా అని. ఆ కోపం పెట్టుకునే వచ్చి 20 రోజులైనా హుజూరాబాద్ పోలేదు. గంటన్నర దారి. మా ఆయన రెండుసార్లు పోదామన్నారు, నేనే ఏదో ఒక పని చెప్పాను.

ఆయన మూడుసార్లు చేశాడు. వాట్సాప్ తెలియదు ఆయనకు, బటన్ల ఫోన్. ఆమె డైరీలో నా పేరు పక్కన రాసి ఉన్న నంబర్ చూసి చేసుంటాడు. ఎవరో కుర్రాడి గొంతు రాంగ్ నంబర్ అంటే ఎంత చిన్నబుచ్చుకుని ఉంటాడు? అక్కడ ఆయన నన్ను తప్పుగా అనుకున్నాడు, ఇక్కడ నేను ఆయన్ని తప్పుగా అనుకున్నాను. ఇది ఏ కౌంటర్‌లో సరిచేస్తారు? ఏ సెంటర్‌కు పోయి ఏ వేలు పెట్టాలి?

కాల్ చేసి "నంబర్ మారింది" అని అందరికీ చెప్పి ఉండాల్సింది అని మీరు రాయకండి. 160 మందికి చెప్పాను. ఆమెకు చెప్పాల్సిన వరుస వచ్చేసరికి నిద్రవేళ దాటింది, రేపు తీరిగ్గా మాట్లాడదాంలే అనుకున్నాను. తీరిగ్గా మాట్లాడాల్సిన మనిషి కదా అని.

ఆధార్ సెంటర్ సోమవారం చూసుకుంటాను. డబ్బులకు మా ఆయన ఖాతా ఉంది. రేపు పొద్దున మొదటి బస్సుకు హుజూరాబాద్ పోతున్నాను. ఫోన్ చేయకుండానే పోతాను. ఆవకాయ చిన్న సీసాలోకి తీసి పెట్టాను, అన్నయ్యగారు తింటారో లేదో తెలియదు.