గడ్డకట్టిన వెల్లుల్లి జిందాబాద్!

తైవాన్ ఎన్నికల సభల్లో అభ్యర్థి పేరు మైకులో వినబడగానే జనం "తోంగ్-సువాన్! తోంగ్-సువాన్!" అని హోరెత్తిస్తారు. అక్కడి జనభాష తైవానీస్‌లో ఆ మాటకు 'ఎన్నికైనట్టే' అని అర్థం. ఆ నినాదమే చైనా అక్షరాల్లో అచ్చయ్యేసరికి "గడ్డకట్టిన వెల్లుల్లి" అవుతుంది. సరైన అక్షరాలు లేక కాదు. ఉన్నాయి, కానీ ప్రామాణిక చైనీస్ అయిన మాండరిన్‌లోనూ అవే. అవి వేస్తే పాఠకుడు మాండరిన్‌లోనే చదువుకుంటాడు, సభ హోరు వినబడదు. అందుకని మాండరిన్‌లో చదివినా తైవానీస్‌లా ధ్వనించే వెల్లుల్లిని తెచ్చారు. గెలిచే నాయకుడికి ఇంతకన్నా చల్లని దీవెన ఏముంటుంది?

గిట్టనివాళ్ళు దీన్ని చూసి నవ్వుతారు. అన్నది అన్నట్టు రోమన్ లిపిలో రాసుకోవచ్చు కదా అని సలహా పారేస్తారు. 1885లో థామస్ బార్‌క్లే అనే మిషనరీ తైనాన్‌లో మొదలుపెట్టిన చర్చి పత్రికను సాక్ష్యంగా చూపిస్తారు. అది రోమన్ లిపిలోనే వచ్చేది. బడి మొహం చూడని ఆడవాళ్ళు కూడా ఆ లిపి నేర్చుకుని బైబిలు చదివారు, ఉత్తరాలు రాశారు. ఆ పద్ధతిలో ఉన్న ఘోరమైన లోపం అదే. ముసలమ్మ నాలుగు నెలల్లో పట్టేసేదాన్ని లిపి అని ఎలా ఒప్పుకుంటాం? నలభై ఏళ్ళు అక్షరాలు దిద్దిన పండితుడి గతేమిటి?

ప్రభుత్వం ఈ ప్రమాదాన్ని పసిగట్టకపోలేదు. 1974లో ఈ భాషకున్న ఒక నిఘంటువును నిషేధించింది. విదేశీయులు సైక్లోస్టైల్ ప్రతులు వాడుకుంటే తప్పులేదు గానీ, రోమన్ లిపి ఉన్న పుస్తకాన్ని బజార్లో అమ్మడానికి వీల్లేదని ఒక అధికారి సెలవిచ్చారు. చైనీయులు చైనీస్‌ను రోమన్ లిపిలో నేర్చుకోకూడదట. నోటికి వచ్చిన భాషను నోటితోనే సరిపెట్టుకోవాలని భావం.

కాబట్టి శాస్త్రీయంగా అక్షరాన్ని వెతకాలి. దీన్ని 'అసలు అక్షరం' వేట అంటారు. ముందుగా 1008 నాటి గ్వాంగ్‌యున్, 1039 నాటి జీయున్ తెరవాలి. రెండూ ప్రాసను బట్టి అక్షరాలను పేర్చిన కోశాలు. మన మాటకు అర్థం కలిసే అక్షరం దొరికాక మూడు పరీక్షలు పెట్టాలి: మొదటి హల్లు కలిసిందా, దాని వెనక ప్రాస కలిసిందా, స్వరస్థాయి (టోన్) కలిసిందా. రెండు కలిసి మూడోది మొండికేస్తే "ప్రాంతీయ మార్పు" అని పక్కన రాసుకుని ముందుకు సాగాలి. ఒక్కటే కలిస్తే ప్రత్యేక వ్యాసం రాయాలి.

ఇందులో చిన్న చిక్కుంది. ఆ కోశాలు చూపించే భాష నుంచి తైవానీస్ పుట్టిన మిన్ శాఖ అంతకుముందే చీలిపోయింది. పైగా ఆగ్నేయ చైనాలోని ఫుజియాన్ తీరంలో అంతకు పూర్వం ఉన్న జనాల మాటలు కూడా కొన్ని ఇందులో కలిశాయని భాషావేత్తలు అంటారు. వాటికి చైనా అక్షరం ఎక్కడని దొరుకుతుంది? అయినా వేటగాడు వెనక్కి తగ్గడు. ప్రతి దేశ్య పదానికీ సంస్కృత ధాతువు చూపించగల మహానుభావులను ఎరిగిన తెలుగువాళ్ళకు ఈ పట్టుదల గురించి వేరే చెప్పక్కర్లేదు. మాంసాన్ని తైవానీస్‌లో 'బా' అంటారు. దాని అసలు అక్షరం ఇదీ అని ఒప్పందం కుదరలేదు. ఈలోగా మాండరిన్ మాంసం అక్షరాన్నే రాసి 'బా' అని చదువుతున్నారు. ఆకలి ఆగదు కదా.

2007 నుంచి 2009 దాకా విద్యాశాఖ మూడు విడతలుగా 700 మాటలకు అక్షరాలు సిఫారసు చేసింది. కొన్ని అసలువి, కొన్ని అర్థం కోసం అరువు, కొన్ని శబ్దం కోసం అరువు. ఏది ఏ రకమో గుర్తుపెట్టుకోవడం విద్యార్థి వంతు. అందంగా ఉండడాన్ని 'సుయ్' అంటారు. శాఖ దానికి స్త్రీ గుర్తున్న అరుదైన అక్షరాన్ని ఇచ్చింది. వీధి బోర్డులు మాత్రం 'నీళ్ళు' అని రాస్తాయి. వద్దు అనడానికి 'మ్-థాంగ్'. ఫోన్లలో అది 'తల్లి చారు' అయి కూర్చుంది. క్షమించమనే మాట చప్పట్లు, కృతజ్ఞతలు కలిపిన రెండక్షరాలైంది. జపాన్ నుంచి వచ్చిన ఓడెన్ అనే వంటకం బండిమీద 'నల్ల చక్రం'గా దొర్లుతోంది. 'ఏదైనా పర్లేదు' అనే మాటను 'ఆకుకూర' అని రాయడమూ మామూలే. హోటల్లో చీటీ మీద అలా రాసిచ్చినవాడికి ఆకుకూరే వస్తే వంటవాణ్ణి తప్పుపట్టలేం.

వాడుకలో ఉన్న అక్షరంతో తృప్తిపడని వాళ్ళకు కొత్తవీ ఉన్నాయి. 'వాళ్ళు' అనే అర్థంలో 'ఇన్' రాయాలంటే మనిషి గుర్తు పక్కన అదే శబ్దమున్న 'కారణం' అక్షరం పెట్టాలి. ఇది కంప్యూటర్లు వాడే అన్ని లిపుల పట్టిక యూనికోడ్‌లోకి వచ్చింది 2009లో. ఫాంటు లేని ఫోన్లో వాళ్ళు ఖాళీ డబ్బాలా కనబడతారు. షికారు తిరగడం, ఆడుకోవడం 'ఛిట్-థో'. నడక గుర్తులో సూర్యుణ్ణి పెడితే మొదటి అక్షరం, చంద్రుణ్ణి పెడితే రెండోది. చంద్రుడు యూనికోడ్ మూల పట్టికలోనే ఉన్నాడు, సూర్యుడు 2001 అనుబంధంలో చేరాడు. కాబట్టి పాత యంత్రాల్లో చంద్రుడొక్కడే షికారు వెళ్తాడు. అనుబంధాల్లోని అక్షరానికి యూనికోడ్‌ను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో నాలుగు బైట్లు కావాలి. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసు సాఫ్ట్‌వేర్‌లో పాత 'యూటీఎఫ్8' అమరిక మూడింటితోనే ఆగిపోతుంది. అలాంటి చోట 'వాళ్ళు' అని రాస్తే ఎర్రర్ వస్తుంది, లేదా వాక్యం అక్కడే తెగిపోతుంది. వాళ్ళేం చేశారో ఎవరికీ తెలియదు, గోప్యతకు మంచిదే.

ఇక చదవడం. పుట్టుక అక్షరం ఒక్కటే. విద్యార్థి అనే మాటలో అది 'సింగ్', బిడ్డను కనడంలో 'సెఁ', పచ్చి కూరలో 'ఛెఁ'. ఏది ఎక్కడో అక్షరం చెప్పదు. భాష ముందే వచ్చినవాడికే అక్షరం పలుకుతుంది. పాట నోటికొచ్చినవాడికి కేటీవీ (కరావోకే) తెర మీద ఏ అక్షరం వేసినా ఒకటే కావడం అందుకే.

మధ్యేమార్గం ఉంది: అక్షరం తెలిసినచోట అక్షరం, తెలియనిచోట రోమన్. రెండు వర్గాలకూ సమానంగా నచ్చని ఏర్పాటు అది. రోమన్ వర్గమైనా ఒక్కతాటి మీద ఉందా అంటే, 2006లో విద్యాశాఖ కొత్త రోమన్ పద్ధతి ప్రకటించినప్పటి నుంచి 'చ' శబ్దానికి సీహెచ్ రాయాలా టీఎస్ రాయాలా అని వాళ్ళు వేరే కొట్టుకుంటున్నారు. అక్షర వర్గానికి అది కాస్త ఊరట.

ఒక్క చోట మాత్రం మర్యాద పూర్తిగా మంటగలిసింది. నమిలితే సాగే తినుబండారాన్ని 'ఖ్యూ' అంటారు. దానికీ ఆహారం గుర్తు, గుట్ట అక్షరం కలిపిన గంభీరమైన అక్షరం శాఖ నిఘంటువులో ఉంది. టీ దుకాణాలు, నూడుల్స్ బండ్లు, బిస్కెట్ పొట్లాలు దాన్ని పట్టించుకోకుండా రోమన్ 'క్యూ' ఒక్కటి వేసి ఊరుకున్నాయి. బాగా సాగితే రెండు.