రీళ్ల పెట్టె మోసినవారినీ మాట్లాడించండి

హనుమకొండ చౌరస్తాలో బస్సెక్కి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న కుర్రాడు ఉప్పల్‌లో దిగేలోపు ఒక పాత సినిమా గురించి పూర్తి ఎపిసోడ్ వినేస్తున్నాడు. అది తాను పుట్టకముందు వచ్చిన సినిమా. వారం తిరక్కుండానే డబ్బాలు వెనక్కి వెళ్లిన సినిమా అయినా ఆశ్చర్యం లేదు. అప్పట్లో ఎవరికీ పట్టని ఒక సన్నివేశాన్ని ఇద్దరు ముగ్గురు స్నేహితులు కూర్చుని అరగంట సేపు విడమరిచి చెబుతుంటే, లక్షల మంది ఓపిగ్గా వింటున్నారు. పాత సినిమాల పాడ్‌కాస్టులకు తెలుగులో పెరుగుతున్న ఈ ఆదరణను మేం మనసారా స్వాగతిస్తున్నాం.

సినిమాను చెవులతో చూడటం మనకు కొత్తేమీ కాదు. ఆకాశవాణిలో ‘సంక్షిప్త శబ్దచిత్రం’ వస్తోందంటే ఆదివారం పూట రేడియో ఉన్న ఇంటి అరుగు మీద చోటు దొరికేది కాదు. ఆ తర్వాత డైలాగుల క్యాసెట్లు వచ్చాయి. పట్నంలో ఫస్ట్ షో చూసొచ్చిన మేనమామ రాత్రి భోజనాలయ్యాక మంచాల మీద కూర్చోబెట్టి, ఫైట్లతో సహా కథంతా చెప్పేవాడు. ఒగ్గు కథకు తెల్లవార్లూ ఊ కొట్టిన ప్రాంతం ఇది. పాడ్‌కాస్టు ఇక్కడ ఇంత తొందరగా ఇంటిదైందంటే కారణం అదే.

మా బాధ వేరే ఉంది. ఈ ముచ్చట్లన్నీ స్టూడియోల చుట్టూ, హీరోల ఇళ్ల చుట్టూ తిరుగుతున్నాయి. ముందు ఏ హీరోను అనుకున్నారు, క్లైమాక్స్ ఎందుకు మార్చారు, ఎవరికి ఎవరితో చెడింది అన్నవే వినిపిస్తున్నాయి. అదే సినిమా ఖాజీపేటలో, నర్సంపేటలో, జగిత్యాలలో, మంచిర్యాలలో ఎలా ఆడిందో అడిగేవారు లేరు. సినిమా లెక్కల్లో ఈ ప్రాంతమంతా కలిపి ‘నైజాం ఏరియా’ అనే ఒక్క మాట, దాని పక్కన ఒక వసూళ్ల అంకె. నేల టికెట్ కొన్నవాడి మొఖం ఆ అంకెలో కనపడదు.

ప్రొజెక్టర్ గదినే తీసుకుందాం. డిజిటల్ రాకముందు అందులో పక్కపక్కనే రెండు యంత్రాలు ఉండేవి. రెండు కార్బన్ కడ్డీల కొసల మధ్య మండే వెలుగే తెర మీద బొమ్మయ్యేది. కడ్డీలు కాలి కురచనవుతుంటే వాటి మధ్య ఎడం సరిచేస్తూ ఆపరేటర్ పక్కనే నిలబడాలి. ఏమరిస్తే తెర పచ్చబడుతుంది, ఇంకా ఏమరిస్తే చీకటే. వెయ్యి అడుగుల రీలు తిరిగేది సుమారు 11 నిమిషాలు. రీలు చివరికొచ్చిందని చెప్పడానికి తెర కుడి పైమూలన చిన్న గుండ్రటి మచ్చ ఒకటి మెరిసి పోతుంది. అది కనపడగానే రెండో యంత్రం తిప్పాలి, మళ్లీ మచ్చ కనపడగానే వెలుగు మార్చాలి. హాల్లో ఉన్నవాళ్లకు ఆ మార్పు తెలియకపోవడమే అతని పనితనం. ఒకే ప్రింటును రెండు హాళ్లు పంచుకునే రోజుల్లో ఒకచోట అయిపోయిన రీలును సైకిల్ మీద రెండో చోటికి ఉరికించేవారు. సైకిల్ ఆలస్యమైతే తెర మీద ప్రకటనల స్లైడ్లు, కింద ఈలలు, గోల. రీలు తెగితే అక్కడికక్కడే అతికించేవారు, అతికించిన ప్రతిసారీ ఒకటి రెండు ఫ్రేములు పోయేవి. పదే పదే తెగిన చోట పాటలో ఒక మాటే ఎగిరిపోయేది. ఒక్కో ఊరివాళ్లు ఒకే సినిమాను కాస్త కాస్త వేరుగా చూశారన్నమాట! ఇంతకంటే మంచి ఎపిసోడ్ ఏ స్టూడియోలో దొరుకుతుంది?

అడగాల్సిన కష్టమైన ప్రశ్నలూ ఉన్నాయి. 1980, 90ల్లో వచ్చిన ఎన్నో సినిమాల్లో మన తెలంగాణ మాట రౌడీ నోట్లోనో, నవ్వించే నౌకరు నోట్లోనో పడింది. ఇప్పుడు అవే సినిమాలను ‘కల్ట్’ అని మెచ్చుకుంటున్నారు. మెచ్చుకోవచ్చు, వాటిలో మెచ్చదగినవి ఉన్నాయి. కానీ ఆ సీను వచ్చినప్పుడు వరంగల్ హాల్లో జనం నవ్వారా, మింగలేక కక్కలేక ఊరుకున్నారా? ఆ హాల్లో కూర్చున్నవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. మైకు వాళ్ల ముందు పెట్టి అడగాలి.

మరోవైపు, ఈ నేల కథను చెప్పిన సినిమాలకు పాడ్‌కాస్టుల్లో దక్కుతున్న చోటు తక్కువ. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా బి.నర్సింగరావు నిర్మాణంలో బెంగాలీ దర్శకుడు గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ ఆయన తొలి కథాచిత్రం. అందులో గద్దర్ పాడిన ‘బండెనక బండి కట్టి’ ఆయనే రాశారని చాలామంది అనుకుంటారు. రాసింది తెలంగాణ సాయుధ పోరాట కాలపు కవి బండి యాదగిరి. పాడ్‌కాస్టులో నోరు జారిన ఒక్క మాట వేల మందికి చరిత్రయి కూర్చుంటుంది కాబట్టి, మైకు ముందుకు వెళ్లేముందు ఇలాంటివి సరిచూసుకోవాలి. దొరల గడీల్లోని ఆడబిడ్డల బతుకును చూపిన ‘దాసి’ (1988) అర్చనకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం తెచ్చింది. దాని కళా దర్శకుడు తోట వైకుంఠం కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టినవారు. ఇలాంటి సినిమాలను చూసే కన్ను ఇక్కడ ఊరికే రాలేదు. కరీంనగర్ ఫిలిం సొసైటీ వంటివి ప్రపంచ సినిమాలను తెచ్చి చూపించి, చర్చించి అలవాటు చేశాయి. వాటిని నడిపిన పెద్దల దగ్గర ఇంకా ఎన్నో జ్ఞాపకాలున్నాయి.

ఉన్నప్పుడే అడగాలి. మూకీల కాలంలో బొంబాయి వెళ్లి, 1980కి ఫాల్కే పురస్కారం అందుకున్న పైడి జైరాజ్ కరీంనగర్ బిడ్డ. మన దేశంలో తీసిన మూకీల్లో చాలావరకు నేడు ఎక్కడా లేవు. గద్దర్ 2023 ఆగస్టులో వెళ్లిపోయారు. ‘బలగం’ పాటతో రాష్ట్రాన్ని కంటతడి పెట్టించిన దుగ్గొండి మొగిలయ్య 2024 డిసెంబర్‌లో కన్నుమూశారు. పాత హాళ్లు ఒక్కొక్కటే ఫంక్షన్ హాళ్లుగా, దుకాణ సముదాయాలుగా మారుతున్నాయి. టికెట్ కిటికీ వెనక కూర్చున్నవారికి, పోస్టర్లు అతికించినవారికి డెబ్బై దాటాయి.

సినిమా ముక్క వినిపిస్తే కేసు పడుతుందేమోనన్న భయం కొందరు కుర్రాళ్లలో ఉంది. విమర్శ, సమీక్ష కోసం న్యాయమైన మేరకు వాడుకోవడానికి 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వీలిస్తోంది. సినిమా మీద హక్కు కూడా విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లే. మనుషుల జ్ఞాపకాలు రికార్డు చేయడానికి ఆ భయమూ అక్కర్లేదు. వారిని అడిగి ఒప్పించుకుంటే చాలు.

కాకతీయ విశ్వవిద్యాలయం, ఆకాశవాణి వరంగల్ కేంద్రం ఈ పనికి చేయి కలపాలని కోరుతున్నాం. జర్నలిజం, తెలుగు, చరిత్ర చదివే విద్యార్థులకు ప్రాజెక్టుగా ఒక్కొక్కరికి ఒక హాలు అప్పగించవచ్చు. యాప్‌లో పెట్టిన ఎపిసోడ్ ఆ యాప్ ఉన్నన్నాళ్లే ఉంటుంది. అందుకే కోతలు లేని పూర్తి రికార్డింగు ఒక ప్రతి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఊరి పేరు, హాలు పేరు, తేదీతో చేరాలి. పాడ్‌కాస్టు చేస్తున్న యువతకు మా విన్నపం ఒక్కటే. వచ్చే ఎపిసోడుకు అతిథి కోసం హైదరాబాద్‌కు ఫోన్ చేసే ముందు, మీ వీధిలో ఒకప్పుడు ప్రొజెక్టర్ తిప్పిన పెద్దాయన ఇల్లు ఎక్కడో కనుక్కోండి.