మహారాజశ్రీ ఆకుపచ్చ టిక్కు గారికి

విజయవాడ నుంచి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ ఆ ‘ఉభయ’ దగ్గరే నాకు పేచీ వచ్చింది. మీరు కులాసాగానే ఉన్నారు. రోజూ రాత్రి పదకొండింటికి కంప్యూటర్ తెర కుడివైపు కింది మూల నుంచి తొంగిచూసి, ‘బ్యాకప్ విజయవంతంగా పూర్తయింది’ అని చెప్పి, నేను ఏదైనా అడిగేలోపే మాయమైపోయేవారు. కుశలం లేనిది నా ఫైళ్లకే.

నేనెవరో మీకు తెలియదు. పదకొండు నెలలు నా గదిలోనే ఉన్నా, నేనేం పని చేస్తానో చూసిన పాపాన పోలేదు కాబట్టి చెబుతున్నాను. డీటీపీ పని నాది, అంటే అచ్చుకు వెళ్లే పేజీలను కంప్యూటర్లో టైపు చేసి అమర్చడం. ఒకప్పుడు గవర్నర్‌పేటలో షాపు ఉండేది, ఇప్పుడు ఇంట్లోనే ఒక గది. శుభలేఖలు, కరపత్రాలు, గుడి సావనీర్లు, రిటైరైన పెద్దమనుషులు సొంత డబ్బుతో అచ్చు వేయించుకునే పుస్తకాలు. ఇప్పటికీ పేజీలు అమర్చడానికి పాతకాలపు పేజ్‌మేకర్, తెలుగు అక్షరాలకు అను ఫాంట్లే. నవ్వకండి, నేను పనిచేసే ప్రెస్సులు ఇంకా అవే అడుగుతాయి.

మిమ్మల్ని ఇంటికి తెచ్చుకోవడం అంత తేలిగ్గా జరగలేదు. మూడు వారాలు వెతికాను. ‘పది ఉత్తమ బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు’ అని ఎక్కడ చదివినా, మొదటి స్థానంలో ఉన్నది ఆ జాబితా రాసిన కంపెనీదే. ఒకటి మొత్తం డిస్కును ఉన్నదున్నట్టు ఇమేజ్ తీస్తానంది. ఇంకోటి ఫైళ్లు మాత్రమే తీస్తానంది. మొదటిసారి అంతా కాపీ చేసి, ఆ తర్వాత మారినవాటినే తీసుకుంటే దాన్ని ఇంక్రిమెంటల్ అంటారట. ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి చూశాను. మొదటి రాత్రే ఎర్రగా ‘మూడు ఫైళ్లు తెరిచి ఉన్నాయి, కాపీ కాలేదు’ అంది. రెండో రాత్రి ‘డిస్కులో చోటు తగ్గుతోంది’ అంది. మూడో రాత్రి ‘మీరు ఎంచుకున్న ఫోల్డర్లో ఏమీ లేదు, సరిచూసుకోండి’ అంది. కస్టమర్ల సణుగుడు చాలక ఇదొకటా అని తీసిపారేశాను. తర్వాత మీరున్న సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఒక్క ప్రశ్న లేదు, ఒక్క ఫిర్యాదు లేదు. నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్. రాత్రికి మీరు ప్రత్యక్షం. ఎంత ముచ్చటేసిందో!

నిజం చెబుతోందని దాన్ని వెళ్లగొట్టి, నవ్వుతున్నారని మిమ్మల్ని ఉంచుకున్నాను. తప్పు నాదే, ఒప్పుకుంటాను. మీ వాటా మీరూ ఒప్పుకోవాలి.

మన వైపు కంప్యూటర్ కొన్నవాళ్లకు మొట్టమొదట అందే ఉపదేశం ఒకటుంది. విండోస్ ఎక్కించడానికి వచ్చిన కుర్రాడు హార్డ్ డిస్కును సి, డి, ఇ అని మూడు ముక్కలు చేసి, ‘గురువుగారూ, మీ ఫైళ్లన్నీ డి డ్రైవ్‌లోనే పెట్టుకోండి. ఎప్పుడు ఫార్మాట్ కొట్టినా సి వరకే, డి జోలికి పోం’ అంటాడు. ఇరవై ఏళ్లుగా నేనా మాట జవదాటలేదు. సి డ్రైవ్‌లో ‘డాక్యుమెంట్స్’ అనే ఫోల్డర్ ఒకటుంటుందని తెలుసు గానీ, దాని గుమ్మం తొక్కింది లేదు.

మీరు పదకొండు నెలలపాటు రాత్రికి రాత్రి బ్యాకప్ తీసింది ఆ ఫోల్డర్‌నే.

మార్చి 31 ప్రపంచ బ్యాకప్ దినోత్సవమట, 2011 నుంచి జరుపుతున్నారట. నా డిస్కు మార్చి 27న పోయింది. నాలుగు రోజులు ఓపిక పట్టలేకపోయింది. పొద్దున్నే స్విచ్ వేస్తే టక్, టక్, టక్ అని శబ్దం. అయినా నేను కంగారు పడలేదు, మీరున్నారుగా! కాఫీ తాగి, పేపరు చదివి, తీరిగ్గా వెళ్లి కొత్త డిస్కు కొనుక్కొచ్చి, బ్యాకప్ డిస్కు తగిలించాను. అందులో ఉన్నవి ప్రింటర్‌తో పాటు వచ్చిన స్వాగత పత్రం ఒకటి, ‘న్యూ టెక్స్ట్ డాక్యుమెంట్’ అనే ఖాళీ ఫైలు ఒకటి. ఆ ఖాళీ ఫైలును ఎంత భద్రంగా దాచారండీ! మీరు రోజూ రాసిపెట్టే చిట్టా, అదే లాగ్, తెరిచాను. రోజుకో వరుస. ‘మారిన ఫైళ్లు: 0. పొరపాట్లు: 0. ఫలితం: విజయం.’

ఒక్క వరుసలోనూ అబద్ధం లేదు. అదే నా కడుపుమంట.

మెకానిక్‌ను పిలిచాను. ‘సి, డి రెండూ ఒకే డిస్కు కదా గురువుగారూ. ఒకే ఇంట్లో రెండు గదులు. ఇల్లే కూలాక ఏ గది మిగులుతుంది?’ అన్నాడు. ‘మరి డిలో పెట్టుకోమన్నది నువ్వేగా?’ అంటే, ‘ఫార్మాట్ కొడితే పోదన్నాను. డిస్కు పోతే పోదని అన్లేదు’ అన్నాడు. మీరూ అతనూ ఒకే బడిలో చదువుకున్నారేమో అని అనుమానం.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీకి కూడా మోసుకెళ్లాను. ఒక షాపులో కుర్రాడు డిస్కును చెవి దగ్గర పెట్టుకుని డాక్టరులా విని, ‘హెడ్డు పోయింది సార్, దుమ్ము లేని గదిలో విప్పాలి. పాతిక వేలవుతుంది, వస్తుందని గ్యారంటీ లేదు’ అన్నాడు. గ్యారంటీ లేదని చెప్పినవాడు నాకు ఆ నెలలో అతనొక్కడే. దండం పెట్టి రైలెక్కేశాను.

శుభలేఖల సంగతి వదిలేయండి, ఆ పెళ్లిళ్లు అయిపోయాయి. కానీ ఒక రిటైర్డ్ హెడ్మాస్టారి ఆత్మకథ ఉంది. 212 పేజీలు, మూడో ప్రూఫ్ దిద్దడం కూడా పూర్తయి ప్రెస్సుకు వెళ్లాల్సింది. ఫోన్ చేసి చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘అయితే నా జీవితం పోయిందంటావా?’ అన్నారు. ‘అయ్యో, లేదు మాస్టారూ. రెండో ప్రూఫ్ కాగితాలు మీ దగ్గరే ఉన్నాయిగా’ అన్నాను. ఉన్నాయి. వెనకవైపు మనవడు ఏనుగులు గీసుకున్నాడు గానీ, ముందువైపు చదవడానికి బాగానే ఉంది. ఎనభై ఏళ్ల జీవితాన్ని పందొమ్మిది రోజుల్లో మళ్లీ టైపు చేశాను. ఇదే సందని ఆయన పెళ్లి అధ్యాయం మొత్తం మార్పించారు.

మిమ్మల్ని ఒక్కరినే ఆడిపోసుకోవడం న్యాయం కాదు, మీ వంశం పెద్దది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే, ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే కంపెనీలో ఒక ఇంజినీరు రాత్రి పొద్దుపోయాక పని చేస్తూ, ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్లో డేటాబేస్ చెరిపేశాడు. సుమారు 300 జీబీ ఉండాల్సిన చోట నాలుగున్నర మిగిలింది. వాళ్లకు బ్యాకప్ కోసం ఒకటి కాదు, ఐదు ఏర్పాట్లున్నాయి. అక్కరకు వచ్చింది ఏదీ లేదు. రోజువారీ బ్యాకప్ అసలు జరగడమే లేదు, జరగలేదని చెప్పాల్సిన ఈమెయిళ్లేమో అవతల తిప్పికొట్టబడ్డాయి. ఆరు గంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసిపెట్టిన కాపీ ఒకటి దొరికింది కాబట్టి బయటపడ్డారు. అదంతా దాచకుండా లోకానికి చెప్పారు, అందుకు మెచ్చుకోవాలి. మీ నవ్వు నన్ను ముంచినట్టే, మౌనం వాళ్లను ముంచింది.

ఈసారి వెతుకులాట తిరగేసి మొదలుపెట్టాను. చిట్టీ వేయించుకునేవాడు కంతు తీసుకునేటప్పుడు అందరితోనూ బాగానే ఉంటాడు. పాడుకున్న డబ్బు చేతికివ్వాల్సిన రోజున చూడాలి మొహం. అందుకని ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ ముందు ‘రిస్టోర్’, అంటే దాచింది వెనక్కిచ్చే మీట, ఎక్కడుందో చూశాను.

క్లౌడ్ అన్నారు, అంటే ఇంటర్నెట్‌లో ఇంకొకరి కంప్యూటర్లో దాచుకోవడం. గూగుల్ ఊరికే ఇచ్చేది 15 జీబీ, మెయిలూ ఫొటోలూ అన్నీ కలిపి. ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్ కూడా అందులోకే వస్తుంది. మా బంధువుల గుడ్‌మార్నింగులకే అది సరిపోలేదు. మైక్రోసాఫ్ట్ వారి వన్‌డ్రైవ్ 5 జీబీ. పైగా సింక్ అంటే, ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది. కొన్నాళ్లు చెత్తబుట్టలో ఉంటుంది, ఆ తర్వాత అంతే సంగతులు. అద్దంలో బొమ్మను ఫొటో అనుకుంటే ఎలా? పేజ్‌మేకర్ ఫైలుకు ఇంకో జబ్బుంది. పేరూ తారీఖూ బాగానే ఉంటాయి, లోపల మాత్రం చెడిపోయి తెరుచుకోదు. ఆ చెడ్డదాన్ని నిన్నటి మంచిదాని మీద రాసేసి కూడా మీరు పచ్చగానే నవ్వుతారు. కాబట్టి పాత ప్రతులు తారీఖులవారీగా విడిగా ఉంచేదే కావాలనుకున్నాను.

సాఫ్ట్‌వేర్లకూ ఆయుష్షు ఉంటుంది. మాక్రియం రిఫ్లెక్ట్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఉచిత ఎడిషన్‌కు 2024 జనవరి 1తో నూకలు చెల్లాయి. ఇళ్లలో వాడుకునే క్రాష్‌ప్లాన్ 2018లోనే మూతపడింది. రేపు నేను పెట్టుకున్నదీ పోవచ్చు. అప్పుడైనా ఫైళ్లు మామూలుగా తెరుచుకోవాలి. అందుకే, ఫైళ్లను ఉన్నవున్నట్టే కాపీ చేసి పాతవాటిని పక్క ఫోల్డర్లోకి తోసే ఫ్రీఫైల్‌సింక్ పెట్టి, చెప్పిన వేళకు పని మొదలుపెట్టే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌తో ముడేశాను. రహస్యాలున్నవాళ్లు డూప్లికాటి, రెస్టిక్ లాంటివి చూసుకోవచ్చు. అవి ఫైళ్లను ముక్కలు చేసి, తాళం వేసి దాస్తాయి. పాస్‌వర్డ్ మరిచిపోతే బ్రహ్మదేవుడు కూడా తీయలేడు. మా బావమరిది ఆ పాస్‌వర్డ్‌ను నోట్‌ప్యాడ్‌లో రాసి, ఆ ఫైలును కూడా అదే బ్యాకప్‌లో దాచాడు.

అయినా నా క్లౌడ్ ఆ బావమరిదే. పటమటలో ఉంటాడు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి ఇంటికి దూరంగా అని పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఒకటుంది. ‘దూరంగా’ ఎందుకో నాకు బుడమేరు చెప్పింది. 2024 సెప్టెంబర్ వరదలో సింగ్‌నగర్‌లో ఉండే ఒక తోటి డీటీపీ ఆయన కంప్యూటరూ, దాని బ్యాకప్ డిస్కూ ఒకే బల్ల మీద అన్నదమ్ముల్లా మునిగాయి. అందుకని రెండు డిస్కులు కొన్నాను. ఆదివారం ఒకటి అతనికిచ్చి ఇంకోటి తెచ్చుకుంటాను. అతని దగ్గరున్నది దేనికీ తగిలించి ఉండదు కాబట్టి ఇంకో లాభం కూడా. 2017 మేలో వన్నాక్రై అనే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్ వచ్చి ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకే తాళాలు వేసింది. అలాంటిది వస్తే వైరుతో తగిలించి ఉన్న బ్యాకప్ డిస్కును మాత్రం వదులుతుందా?

నెల మొదటి ఆదివారం ఒక ఫైలును పాత ల్యాప్‌టాప్‌లో వెనక్కి తెప్పించి చూస్తున్నాను. మొదటిసారి ఒక శుభలేఖ తెప్పించాను. ఫైలు వచ్చింది. నా ప్రాణం లేచొచ్చింది. తెరిస్తే ‘శ్రీరస్తు’ ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, డాలర్లు, బ్రాకెట్లు! ఆ ల్యాప్‌టాప్‌లో అను ఫాంట్లు లేవు, నా బ్యాకప్‌లోనూ లేవు. ఫాంట్లుండేది సి డ్రైవ్‌లో. ఇరవై ఏళ్లు గుమ్మం తొక్కనందుకు కసి తీర్చుకుంది. ఇప్పుడు ఆ ఫాంట్ల ఫోల్డర్ కూడా కలిపాను.

సాఫ్ట్‌వేర్ మార్చాను గానీ మీరు మారలేదు, మళ్లీ మీరే వచ్చారు. పొమ్మనను. ఏ ఫోల్డర్ తీశారో, ఎన్ని ఫైళ్లో కూడా చెప్పి వెళ్లండి. వరుసగా పది రోజులు సున్నా వస్తే మాత్రం దయచేసి పచ్చగా రాకండి, కనీసం పసుపు పూసుకుని రండి.

ఇట్లు,
మీ డి డ్రైవ్ బాధితుడు

తా.క.: ఇది టైపు చేసి సేవ్ చేసేసరికి పదకొండయింది. మీరు వచ్చారు. ‘మారిన ఫైళ్లు: 1’ అన్నారు. ఆ ఒక్కటీ ఈ ఉత్తరమే.